మెట్ల మీద నేను అన్న ‘ఏమో’

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక చిన్న మాట. ఏమో. తెలియనిది ఎవరైనా అడిగినప్పుడు అందరం అనే మాటే. నేను మాత్రం తెలిసి అన్నాను. అప్పుడు మా ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. ఎదురుగా నన్ను అక్కా అని పిలిచే మనిషి ఉన్నాడు. ఆ మాట వల్ల ఏం జరుగుతుందో నాకు అప్పుడే తెలుసు. తెలియదని ఇప్పుడు బుకాయించను. బుకాయింపు మానుదామనే కదా ఇది రాయడానికి కూర్చున్నాను.

మీరెవరో నాకు తెలియదు, నేను మీకు తెలియదు. పేరు చెప్పను. వయసు మళ్ళిందని, ఉద్యోగం అయిపోయిందని, మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటానని చెబితే చాలు. అలాంటి ఆడవాళ్ళు మా వీధిలోనే బోలెడుమంది. అప్పుడప్పుడు ఏదైనా కంపెనీవాళ్ళు పిలిస్తే వెళ్ళి, కంప్యూటర్ విభాగాలు నడపబోయే మేనేజర్లకు నాయకత్వం గురించి పాఠం చెబుతాను. బాగా చెబుతానని పేరు. అందులో అందరికీ నచ్చే ముక్క ఒకటుంది. పొద్దున్నే జట్టంతా కలిసి టీ తాగండి, నిన్న ఎవరి చేతిలో ఏం పాడైందో తాగడం అయ్యేలోపు వాళ్ళే చెప్పాలి, చెప్పినవాణ్ణి ఏమీ అనకూడదు, గ్లాసులు కడిగాక ఆ సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తకూడదు, అంటాను. ముందు మీ తప్పు మీరు చెప్పండి, అప్పుడే కిందివాళ్ళు నోరు విప్పుతారు, అని కూడా అంటాను. అందరూ రాసుకుంటారు. ఇదంతా నా సొంత పద్ధతి అనుకుంటారు. నేను అనుకోనిస్తాను.

ఈమధ్య ఒక క్లాసులో ఒకమ్మాయి చెయ్యెత్తి, ఆ టీ దగ్గర మీరు మొదట చెప్పిన తప్పేమిటి మేడమ్ అని అడిగింది. మామూలుగానే అడిగింది పాపం. నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం కాదు, అసలు లేదు. నేను ఎప్పుడూ ఏదీ చెప్పలేదు. అప్పటికప్పుడు ఏదో కల్పించి చెప్పాను, వాళ్ళు నవ్వారు కూడా. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

ఆ టీ నాది కాదు. యాదగిరిది.

తొంభైల చివరి సంగతి. మా కంపెనీది మందుల టోకు వ్యాపారం. గోడౌన్ మియాపూర్‌లో ఉండేది, కంప్యూటర్ విభాగం మాదాపూర్ రోడ్డు మీద ఒక కొత్త మేడలో. మా కిటికీలోంచి చూస్తే బండరాళ్ళు, వాటి వెనక అప్పుడప్పుడే లేస్తున్న గుండ్రటి భవనం కనబడేవి. అటు రమ్మంటే ఆటోవాళ్ళు మొహం చిట్లించేవాళ్ళు. విభాగంలో రెండు జట్లు. ఒకదానికి నేను పెద్ద, ఇంకోదానికి యాదగిరి. మా ఇద్దరి పైన పెద్ద మేనేజర్ ఉండేవారు. ఆయన రిటైర్ కాబోతున్నారు. ఆ కుర్చీ మా ఇద్దరిలో ఒకరిదని అందరికీ తెలుసు.

నాది భీమవరం వైపు. ఎంసీఏ చదివాను, చదివానన్న గర్వం కూడా ఉండేది. యాదగిరిది మా ఆఫీసుకు దగ్గరే, కొత్తగూడ. “మా బర్లు మేసిన జాగలనే మీరొచ్చి కంప్యూటర్లు పెట్టిన్రు అక్కా” అని మొదటి రోజే నవ్వాడు. నాకంటే కొంచెం చిన్న. ఆ రోజు నుంచీ అక్కా అనే పిలిచాడు. నేను మాత్రం గారు, అండి దగ్గరే ఆగిపోయాను. పనిలో నాకంటే గొప్పవాడేమీ కాదు. ఇది అసూయతో అంటున్న మాట కాదు. ఆలస్యంగా వచ్చేవాడు. చేసిన పనికి వివరాలు రాసిపెట్టమంటే రేపు మాపు అనేవాడు. కోపమొస్తే అతని గొంతు రోడ్డు మీదికి వినబడేది. నా జట్టు పని శుభ్రంగా, వేళకు అయిపోయేది. నేను ఎవరి మీదా ఒక్కసారి కూడా గొంతెత్తలేదు. అయినా మనుషులు అతని దగ్గరికే వెళ్ళేవాళ్ళు.

అదే నా కడుపుమంట. కుర్చీ తర్వాత సంగతి.

ఆ రోజుల్లో మిషన్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం, దుమ్ము పడితే యంత్రం పాడవుతుందని. యాదగిరి లోపలున్నాడంటే ఆ గుమ్మం ముందు చెప్పులు గుట్ట పడేవి. నేనున్నప్పుడు నావి మాత్రమే ఉండేవి. నడవాలోంచి వెళ్తూ ఆ గుట్టలో నా జట్టువాళ్ళ చెప్పులు వెతికేదాన్ని. కనబడితే ఆ పూటంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయేదాన్ని. మొగుడు ఎవరింట్లో ఉన్నాడోనని గుమ్మాల దగ్గర చెప్పులు చూసుకుంటూ తిరిగే ఇల్లాలికి నేనేమీ తీసిపోలేదు. పెద్ద చదువు చదివినదాన్ని, ఒక జట్టుకు పెద్దదాన్ని, చెప్పులు చూసి కుమిలిపోవడమేమిటి అని నన్ను నేనే అడిగేదాన్ని. మర్నాడు మళ్ళీ చూసేదాన్ని.

మొదట్లో అతని టీ రోడ్డు మీద, బండి దగ్గర. మగవాళ్ళంతా అక్కడ నిలబడి ఆఫీసులో ఏం జరిగిందో మాట్లాడుకునేవాళ్ళు. ఆ రోజుల్లో ఆడదాన్ని, నేను వెళ్ళి ఆ బండి దగ్గర నిలబడగలనా? సంగతులన్నీ వీళ్ళు రోడ్డు మీద తేల్చుకుని పైకి వస్తారని ఇంట్లో మావారి దగ్గర మండిపడేదాన్ని. అది న్యాయమైన కోపమే. అందుకే దాన్ని దాచుకుని దాచుకుని అనుభవించేదాన్ని. ఒకరోజు యాదగిరి నా టేబుల్ దగ్గరికి వచ్చి, రేపటి నుంచి చాయ్ పైననే తాగుదామని, నన్నూ రమ్మని అన్నాడు. మర్నాడు కెటిల్ మెట్ల దగ్గరికి వచ్చింది. నేను ఏమీ అడగలేదు. అడగకుండానే నా ఫిర్యాదు నా చేతిలోంచి తీసేసుకున్నాడు. సంతోషించాలి కదా? నాకు ఒళ్ళు మండింది. అంత చిన్న పని ఇతనికెలా తోచింది, నాకెందుకు తోచలేదు?

వెళ్ళాను. వెళ్ళకపోతే అక్కడేం మాట్లాడుకుంటున్నారోనన్న బెంగ. ముందు యాదగిరే మొదలుపెట్టేవాడు, నిన్న నేను గిట్ల చేసిన అంటూ. అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో ఇంకొకరు తమది చెప్పేవాళ్ళు. నేను గ్లాసు పట్టుకుని వినేదాన్ని. విన్నవన్నీ నాకు గుర్తుండిపోయేవి. నా జ్ఞాపకశక్తి చిన్నప్పటి నుంచీ మంచిది.

నా జట్టులో రమేష్ అని ఒకడుండేవాడు. రాయదుర్గం వాడు. యాదగిరితో కలిసి ఒకే సైకిల్ మీద బడికి వెళ్ళినవాడు. ఒకరింట్లో బోనాలైతే రెండోవాళ్ళింట్లో పొయ్యి వెలిగేది కాదని చెప్పుకునేవాళ్ళు. ఒకరోజు టీ దగ్గర రమేష్ తల దించుకుని, రోజూ తీసే నకలు టేపు కొన్నాళ్ళుగా ఖాళీగా వస్తోందని, తను సరిచూడలేదని చెప్పాడు. యంత్రం పాడైతే మమ్మల్ని ఆదుకునేది ఆ టేపే. అది నా జట్టు పని. నాకు చెప్పాల్సిన మాట. నేను పక్కనే ఉన్నాను, అతను మాత్రం యాదగిరి వంక చూస్తూ చెప్పాడు. ఆ పూటే సరిచేసేశారు. తర్వాత పిలిచి, ముందే నాకెందుకు చెప్పలేదని అడిగాను. భయమైంది మేడమ్ అన్నాడు. వీధంతా వినబడేలా అరిచేది యాదగిరి. భయం మాత్రం నేనంటేనా?

నిజమే. నేను అరవను. మాట్లాడడం మానేస్తాను. అది అరవడం కంటే ఎంత బరువో నాకు అప్పుడు తెలియదు.

ఇక గోడౌన్ సంగతి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు మొరాయిస్తాయని అందరూ హడలిపోతున్న రోజులు. మా ప్రోగ్రాములు ఆ తేదీకి నిలుస్తాయో లేదో చూద్దామని యాదగిరి ఒక ఆదివారం బిల్లులు కొట్టే యంత్రంలోనే తేదీ ముందుకు జరిపి పరీక్షించాడు. వెనక్కి జరపడం మరిచిపోయాడు. సోమవారం పొద్దున గోడౌన్‌లో ఏ మందుకు బిల్లు కొట్టబోయినా గడువు దాటిపోయిందని యంత్రం ఒప్పుకోలేదు. లారీలు వాకిట్లో నిలబడిపోయాయి. మధ్యాహ్నానికల్లా యాదగిరే కనిపెట్టి సరిచేశాడు. డైరెక్టర్ గారికి పెద్ద మేనేజర్, యంత్రం మొరాయించిందని చెప్పి సర్దేశారు. మర్నాడు టీ దగ్గర యాదగిరి దాచలేదు. తేదీ తిప్పింది నేనే, ఇగ నుంచి తేదీ ముట్టుకుంటే ఇద్దరు చూడాలె, అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆ తప్పు చేయలేదు.

కొన్నాళ్ళకు డైరెక్టర్ గారు నన్ను పిలిచారు. ఆయనా మా వైపు వారే, నన్ను అమ్మా అనేవారు. యాదగిరి విభాగం మొత్తం మొయ్యగలడా అని అడిగారు. నేను ఏమన్నానో పొల్లుపోకుండా చెబుతాను.

“చాలా మంచివాడండి. అందరూ ఆయన దగ్గరికే వెళ్తారు. మొన్న గోడౌన్ ఆగినప్పుడు కూడా, తేదీ తిప్పింది నేనేనని ఎంత ధైర్యంగా ఒప్పుకున్నారో. మీకు చెప్పే ఉంటారు కదండీ.”

ఆయనకు ఎవరూ చెప్పలేదని నాకు తెలుసు. ఒక్క అబద్ధం లేదు అందులో. ఒక్క చెడ్డ మాట లేదు. నేను మంచే చెప్పాను కదా అని నాకు నేను చెప్పుకోవడానికి వీలుగా ముందు రోజు బస్సులో కూర్చుని అల్లుకున్న మాటలవి. ఆయన ముఖం మారడం చూశాను. ఎలా ఉంది నాకు? హాయిగా ఉంది. దాచి లాభమేమిటి, చాలా హాయిగా ఉంది.

యాదగిరిని పిలిచి అడిగారు, అతను ఒప్పుకున్నాడు. తప్పు చేశాడని కాదు, తన దగ్గర దాచారని ఆయనకు కోపం. కుర్చీ నాకు వచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నన్నెవరూ అనుమానించలేదు.

ఇంతవరకే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదేమో. ఉద్యోగాల్లో ఇలాంటివి జరుగుతాయి, అందరూ చేస్తారు అని సర్దుకునేదాన్ని. తర్వాతది సర్దుకోలేకపోయాను.

భోజనం చేసి డబ్బా కడుక్కుని పైకి వస్తున్నాను. యాదగిరి మెట్ల మీద ఆగాడు.

“మీకు కుర్చీ వచ్చింది, మంచిగైంది అక్కా. అడిగేది దాని గురించి కాదు,” అన్నాడు. “గోడౌన్ ముచ్చట డైరెక్టర్ సార్‌కు ఎవరు చెప్పిన్రు?”

నేను డబ్బా మూత బిగించుకుంటూ నిలబడ్డాను.

“మేనేజర్ సార్ చెప్పలే, అడిగిన. చాయ్ కాడ ఉన్నోళ్ళే చెప్పిన్రు ఇగ.”

“ఇప్పుడవన్నీ ఎందుకండీ యాదగిరి గారూ.”

“కుర్చీ పోతే పోయింది, దానికి ఫికర్ లేదు. ఎవరి ముంగట నోరు విప్పిన్నో తెల్వాలె గద.” గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గించడం నేను ఎప్పుడూ వినలేదు. “మొన్న రమేష్ డైరెక్టర్ సార్ రూంలకెళ్ళి వస్తుంటే చూసిన. ఏం పనిరా అంటే నవ్వి ఊకున్నడు. వాడే చెప్పిండంటరా అక్కా?”

రమేష్ ఎందుకు వెళ్ళాడో నాకు తెలుసు. కుర్చీ యాదగిరికే ఇవ్వమని చెప్పుకోవడానికి వెళ్ళాడు. నీ జట్టువాడే వచ్చి అతని తరఫున మాట్లాడి పోయాడమ్మా అని డైరెక్టర్ గారే నాతో అని నవ్వారు. ఆ నవ్వు నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. నా తరఫున మాట్లాడడానికి ఎవరైనా వెళ్ళారా? ఎవరూ వెళ్ళలేదు.

“ఏమో,” అన్నాను.

యాదగిరి తలూపాడు. దిగి వెళ్ళిపోయాడు.

ఎందుకన్నాను? కుర్చీ అప్పటికే నాది. కాదండీ, రమేష్ అలాంటివాడు కాదు అని అంటే నాకు పోయేదేముంది? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను ఈ ప్రశ్న. భయపడి అన్నాననుకున్నాను చాలా ఏళ్ళు. రమేష్ కాకపోతే ఇంకెవరు అని వెతుక్కుంటూ నా దాకా వస్తాడని భయం. అదీ ఉంది. కానీ భయం కంటే ముందు ఇంకోటి ఉంది. వాళ్ళిద్దరూ అలా ఉండడం నేను చూడలేకపోయాను. ఒకడు అడగకుండానే ఇంకొకడు వెళ్ళి అతని కోసం మాట్లాడడం, ఆ సంగతి అతనికి చెప్పకుండా నవ్వి ఊరుకోవడం. అలాంటిది నాకు ఎవరితోనూ లేదు. కుర్చీ వచ్చినా లేదు. నాకు లేనిది అతనికి మాత్రం ఎందుకుండాలి అనిపించింది. అదీ అసలు సంగతి.

యాదగిరి రాజీనామా ఇచ్చాడు. అతని జట్టుకు పెద్దగా నేను రమేష్‌ను వేశాను. రమేష్ సమర్థుడే, ఎవరూ వేలెత్తి చూపలేదు. కానీ ఆ నియామకం కొత్తగూడలో ఎలా కనబడుతుందో నాకు తెలియదా? చాడీ చెప్పాడు, కుర్చీ కొట్టేశాడు. పగ్గాలు చేతికొచ్చాక నేను తీసుకున్న మొదటి నిర్ణయం అది. చేసినదానికి ప్రాయశ్చిత్తంగా రమేష్‌కు మేలు చేస్తున్నానని కూడా అనుకున్నాను. మనసు ఎన్ని వేషాలైనా వేస్తుంది.

కెటిల్ కొన్నాళ్ళు వచ్చింది. అందరూ తాగేవాళ్ళు, క్రికెట్ గురించి మాట్లాడేవాళ్ళు, గ్లాసులు పెట్టేసి వెళ్ళిపోయేవాళ్ళు. టీ దగ్గర చెప్పిన మాట అక్కడే ఆగదని తెలిసిపోయాక ఎవరు నోరు విప్పుతారు? కిందివాళ్ళకు నెలల ముందే తెలిసిన లోపాలు నాకు అంతా మునిగాక తెలిసేవి. ఎందుకు చెప్పలేదని అడిగితే అందరూ నేల చూపులు చూసేవాళ్ళు. ఒకసారి యంత్రం చెడిపోయి బిల్లులన్నీ మళ్ళీ చేత్తో ఎక్కించాల్సి వచ్చినప్పుడు, ఇది పాడవుతుందని ముగ్గురికి ముందే తెలుసని బయటపడింది. నేను ఎవరినీ ఏమీ అనలేదు. మాట్లాడడం మానేశాను.

యాదగిరి రాయదుర్గం దగ్గర ఇంకో కంపెనీలో చేరాడని విన్నాను. గొప్పవాడేమీ అయిపోలేదు. మామూలుగానే పైకి వచ్చాడు. అక్కడా పొద్దున్నే అతని చుట్టూ జనం ఉంటారని ఎవరో చెబితే, ఆ పూట కూడా నాకు కడుపులో మండింది. గెలిచినదాన్ని నేనే కదా? అయినా మండింది.

రమేష్ నా దగ్గరే చాలా ఏళ్ళు పనిచేశాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు పలకరించడానికి వెళ్ళాను. యాదగిరి వచ్చాడట. పాడె మోశాడట. ఆమె చేతి అన్నం తిని పెరిగినవాడు కదా. అంతా అయ్యాక రమేష్ వంక చూడకుండా వెళ్ళిపోయాడట. రమేష్ ఏడుస్తూ నాతో అన్నాడు, నేనేం తప్పు చేసిన్నో చెప్తే కాళ్ళు పట్టుకుంట మేడమ్, అదే చెప్పడు, అని. అప్పటికే తల నెరిసిన మనిషి. తను ఏం చేశాడని శిక్ష పడిందో కూడా తెలియదు అతనికి. అడగడానికి అతనికి నేనే దొరికాను.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మంచినీళ్ళు ఇచ్చాను. కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఇద్దరూ ఉన్నారు. ఇద్దరి ఇళ్ళూ నాకు తెలుసు. రమేష్ నంబరు నా ఫోన్‌లో ఉంది. ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఆ సాయంత్రానికే రమేష్ కొత్తగూడ వెళ్తాడు. మరెందుకు చేయను? పరువు పోతుందనా? ఈ వయసులో నా పరువుతో ఎవరికి పని. నిజం చెబుతాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఒకటే కనబడుతుంది. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని ఉంటారు, పోయిన ఏళ్ళన్నీ చెప్పుకుంటూ ఉంటారు. ఒకరి భుజం మీద ఇంకొకరి చెయ్యి ఉంటుంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఓర్వలేనితనం. చూశారా? ఇంత రాశాక కూడా అది చావలేదు.

వాళ్ళకు చెప్పాల్సింది మీకు చెబితే ఒప్పుకోలు కాదని తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు. రేపు ఫోన్ చేస్తానని మాటా ఇవ్వను, నా మాట విలువెంతో చూశారు కదా. డైరెక్టర్ గారికి చెప్పింది రమేష్ కాదు. నేను. ఈ మాట ఇంతవరకు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనుకోలేదు. ఇప్పుడు అన్నాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. నాకంటే ముందు అలా ఆడాల్సింది రమేష్‌కు.